వెయిటింగ్ రూములో ఎవరి చరిత్ర?

స్టేషన్‌ని మ్యూజియం చేయటమంటే పాత గడియారాన్ని తుడిచి గోడకు తగిలించటం కాదు. ఎవరి అవమానం చరిత్రో, ఎవరిది రోజువారీ సంగతో తేల్చటం.

దక్షిణాఫ్రికాలోని పీటర్‌మారిట్జ్‌బర్గ్ స్టేషన్ని తీసుకుందాం. 1893 జూన్ 7 రాత్రి, ఫస్టుక్లాసు టికెట్టున్న గాంధీని అక్కడ రైల్లోంచి దింపేశారు. చలికి వణుకుతూ ఆయన వెయిటింగ్ రూములో కూర్చున్నాడు. ఆ గదిలో ఇప్పుడు గాంధీ ప్రదర్శన ఉంది. 2016లో భారత ప్రధాని ఆ దారిన రైల్లో వెళ్లాడు. 2018లో, 125 ఏళ్లయిన సందర్భంగా, విదేశాంగ మంత్రి అక్కడ గాంధీ విగ్రహం ఆవిష్కరించింది.

అవమానం నిజమే. ఖండించాల్సిందే. అయితే ఆ నేల మీద ఇంకెవరున్నారు? 1860లో మద్రాసు నుంచి ట్రూరో ఓడ నేటాల్‌కు తొలి ఒప్పంద కూలీల్ని చేర్చింది. 1911 దాకా సుమారు 1,52,000 మంది వెళ్లారు. వాళ్లలో తెలుగువాళ్లున్నారు, దళితులున్నారు. చెరకు తోటల్లో, రైల్వేలో చాకిరీ చేశారు. వాళ్లకు ఫస్టుక్లాసు టికెట్టు ఎక్కడిది! ఇక ఆఫ్రికన్ల మాటేమిటి? 1895 నాటికి గాంధీ కార్యదర్శిగా ఉన్న నేటాల్ ఇండియన్ కాంగ్రెస్, డర్బన్ పోస్టాఫీసులో ఆఫ్రికన్లతో కలవకుండా భారతీయులకు వేరే గుమ్మం సాధించి, దాన్ని విజయంగా చెప్పుకుంది.

ఈ స్టేషన్ పక్కన మసూర్ స్టేషన్ని పెట్టి చూడాలి. 1901లో చిన్నపిల్లాడైన అంబేద్కర్, తోటి పిల్లలతో గోరెగావ్‌లో ఉన్న తండ్రి దగ్గరికి పోతూ అక్కడ దిగాడు. మంచి బట్టలు చూసి స్టేషన్‌మాస్టర్ ఆదరంగా పలకరించాడు. మహార్లమని చెప్పగానే మొహం మారిపోయింది. బండివాళ్లు రామన్నారు. చివరికి రెట్టింపు కిరాయి ఇచ్చి, బండి తామే తోలుకుంటామంటే ఒకడు ఒప్పుకున్నాడు. దారిలో నీళ్లు పుట్టక, తెచ్చుకున్న అన్నం కూడా తినలేకపోయారు. 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో ఆయనే రాశాడిదంతా.

తేడా గమనించాలి. గాంధీని రైల్లోంచి దింపారు. అంబేద్కర్‌ని ఎవరూ దింపలేదు. టికెట్టు చెల్లింది, రైలు మోసింది. రైలు దిగాకే కులం ఎదురైంది. మొదటి అవమానానికి పరాయి పాలకుడు కారణం గనక మన ప్రభుత్వాలు దండలు వేస్తాయి. రెండోదానికి కారణం మన ఊరే. దండ వేస్తే ఊరు జవాబు చెప్పాలి.

గాంధీని ఆ గదిలోంచి తీసెయ్యమనటం లేదు మనం. అదే గోడ మీద కూలీ, ఆఫ్రికన్, మసూర్ పిల్లలు ఉండాలంటున్నాం. అప్పుడే అది మ్యూజియం. లేకుంటే ఫస్టుక్లాసు వెయిటింగ్ రూమే.