నాది బెల్టు పని సార్

ఇంజనీరింగ్ ప్రాజెక్టు జట్టులో అన్ని బ్రాంచీల పిల్లలూ ఉండాలని ఈ కాలమ్‌లో నేనెన్నిసార్లు రాశానో మీకు తెలుసు. స్మార్ట్ ఇండియా హ్యాకథాన్ అంటే నాకిష్టం కూడా అందుకే: జట్టుకు ఆరుగురు, వాళ్లలో కనీసం ఒకమ్మాయి, వేర్వేరు బ్రాంచీలైతే మరీ మంచిది.

ఈ వారం ఒక కాలేజీ ప్రదర్శనలో అచ్చం అలాంటి జట్టే కనబడింది. బెల్టు మీద వచ్చే టమోటాలను కెమెరాతో చూసి, రంగును బట్టి వేరుచేసే యంత్రం చేశారు. అది ఎర్రగా పండినవాటినే మొదటి రకంగా తీసుకుని, దోరకాయలను పక్కకు నెట్టేస్తోంది. మదనపల్లె మార్కెట్ యార్డు నుంచి దూరపు ఊళ్లకు లారీ ఎక్కేది దోరకాయే కదా! జట్టులో పుంగనూరు దగ్గర టమోటా రైతు బిడ్డ ఉంది. "నీకు తెలుసు కదమ్మా?" అన్నాను.

"తెలుసు సార్. కానీ నాది బెల్టు పని."

ప్రోగ్రాం రాసిన కుప్పం అబ్బాయి ఆ పిల్ల వైపు తిరిగి, "నువ్వు ముందే చెప్పింటే అప్పుడే మార్చేసేవాణ్ణి" అన్నాడు.

వేర్వేరు విద్యలవాళ్లు కలవడమంటే నాకెప్పుడూ 1919 ఫిబ్రవరే గుర్తొస్తుంది. మదనపల్లె బీసెంట్ దివ్యజ్ఞాన కళాశాలకు రవీంద్రనాథ్ టాగూర్ వచ్చారు. ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ ఐర్లండ్ కవి. ఆయన భార్య మార్గరెట్ పాశ్చాత్య సంగీతం చదువుకున్నావిడ. టాగూర్ అక్కడ జనగణమన పాడారు, విద్యార్థులు పల్లవి అందుకున్నారు. ఆయన అక్కడే దాన్ని ఇంగ్లీషులోకి మార్చారు, మార్గరెట్ స్వరలిపి రాశారు. బెంగాలీ కవి, ఐరిష్ సంగీతజ్ఞురాలు, మన సీమ పిల్లలు! బ్రాంచీలు కలపాలన్న నా వాదనకు ఇంతకన్నా సాక్ష్యమేముందని ఇన్నాళ్లూ అనుకున్నాను.

ఇప్పుడు ఆ కథే నాకు ఇంకో మాట చెబుతోంది. టాగూర్ పాడుతుంటే మార్గరెట్ వినకపోతే ఆ స్వరలిపి లేదు. ఆవిడ పని ఆయన పనిలోనే మొదలైంది. మన జట్ల పని మాత్రం పంపకంతో మొదలవుతుంది. కెమెరా నీది, బెల్టు నాది అన్నాక ఎన్ని బ్రాంచీలుంటే అన్ని గోడలు.

అందుకే ఒకే బ్రాంచి స్నేహితులు జట్టు కట్టినా ఇక నాకు అభ్యంతరం లేదు. ముందు అందరూ కలిసి తెల్లారకముందే యార్డుకు వెళ్లి, కాయలు ఏరే ఆడవాళ్ల పక్కన కూర్చుని, వాళ్ల చేత తప్పులు దిద్దించుకుంటూ క్రేట్లు నింపాలి. పనులు ఆ తర్వాతే పంచుకోవాలి. మాస్టర్లకూ ఒక విన్నపం: వైవాలో ఎవరి భాగం వాళ్లను అడగకండి. పక్కవాళ్లు చేసింది చెప్పించి, సగం మార్కులు దానికే వేయండి.