ప్రపంచ సువార్త సేవ – స్నేహమను గీటురాయి

లోకమంతటికిని సువార్త నందింపవలెనను సంకల్పము క్రైస్తవ సంఘమునకు ఆదినుండియు కలదు. ఆ సంకల్పముతో ఓడలెక్కి వచ్చినవారు మన భాషకు చేసిన సేవ చిన్నది కాదు. మదరాసున తెలుగు నేర్చిన బెంజమిన్ షుల్జ్ 1746–47లో జర్మనీలోని హాలే పట్టణమున తెలుగు పుస్తకములను అచ్చొత్తించెను. విలియం కేరీ 1814లో శ్రీరాంపురమున తెలుగు వ్యాకరణము ప్రకటించెను. ఇవి సభలలో తరచు వినునవే. ఇచ్చుటకు వచ్చినవాడు పుచ్చుకొనువాని ప్రక్కన సమానుడుగా కూర్చుండెనా యనునదియే ఇచట నా విచారము.

1910 జూన్ నెలలో ఎడింబరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగెను. సుమారు 1,200 మంది ప్రతినిధులు కూడిరి. అందు ఆసియావారు ఇరువదిమందికి మించలేదు. ఎవరిని గూర్చి సభ కూడెనో వారే సభలో కానరాని విచిత్రమది! ఆ వేదికపై తిరునల్వేలి ప్రాంతపు తమిళుడు వి. ఎస్. అజరయ్య లేచి, పాశ్చాత్య మిషనరీల త్యాగమును కొనియాడుచునే, తమకు కావలసినది స్నేహమనియు, అది కొరవడినదనియు నిర్మొగమాటముగా చెప్పెను. కొందరు నొచ్చుకొనిరి. నేను జీవితమంతయు లెక్కల పుస్తకముల నడుమ గడపిన గుమాస్తాను. బాప్తిస్మములకు, బడులకు, ఆసుపత్రులకు పద్దులు వ్రాయవచ్చును గాని స్నేహమునకు పద్దు లేదు. అజరయ్య ఎత్తి చూపినది ఆ లేని పద్దునే.

ఆయన మాటతో సరిపెట్టుకొన్నవాడు కాడు. 1903లోనే తిరునల్వేలి క్రైస్తవులు స్వదేశీయుల ధనముతో, స్వదేశీయుల నిర్వహణలో ఇండియన్ మిషనరీ సొసైటీని స్థాపించిరి. దాని స్థాపకులలో ఆయన యొకడు. 1909లో నిజాం రాజ్యములోని డోర్నకల్లునకు సేవకుడుగా వెళ్లి, తెలుగు నేర్చి, తెలుగువారిలో నొకడాయెను. 1912లో ఆంగ్లికన్ సంఘమున తొలి భారతీయ బిషప్పుగా అభిషిక్తుడై, 1945లో మరణించువరకు ఆ ప్రజల నడుమనే యుండెను. తమిళసీమనుండి వచ్చినవాడు తెలుగును తనదిగా చేసికొన్న ఈ కథ తమిళసీమలో తెలుగును నిలుపుకొన్న మనకు వింతగా తోచదు.

ఆయన కార్యము విమర్శకు అతీతము కాదు. డోర్నకల్ ప్రాంతమున సంఘమున చేరినవారిలో పెక్కుమంది మాల, మాదిగ పల్లెల ప్రజలు. 1930 దశకమున గాంధీమహాత్ముడు సామూహిక మతాంతరములను తీవ్రముగా ఆక్షేపించెను, అజరయ్య అంగీకరింపలేదు. ఆ పల్లెవారు పరుల మాటలకు లోబడిరనువారు, వారికి ఎన్నుకొను బుద్ధి లేదని తలచినట్లే. సంఖ్యలు చూచి మురిసిన మిషనరీలును వారిని లెక్కగానే చూచిరి. ఇరుపక్షముల వాదములలోను ఆ పల్లెవారి గొంతు తక్కువగానే వినబడును. ఈ లోటు నేటికిని పూర్తిగా తీరలేదు.

ఆ 1903లోనే మరొక ఓడ మన తీరమునుండి బయటికి వెళ్లెను. దక్షిణాఫ్రికాలోని నేటాలు చెరకు, తేయాకు తోటలకు ఒప్పందపు కూలీలుగా పోయిన తెలుగువారికొరకు, తెలుగు బాప్తిస్టులు నెల్లూరునుండి జాన్ రంగయ్యను సకుటుంబముగా పంపిరి. ఆయన కియర్స్నీ తేయాకు తోటలో తెలుగు సంఘమును నెలకొల్పి, 1915లో అక్కడనే కన్నుమూసెను. పుచ్చుకొన్నవారే ఇచ్చువారైరి. అచటివారికి ఆయన తెచ్చినది మతబోధ మాత్రమే కాదు, తమ భాషలో తమను పలుకరించు మనిషిని కూడ. నేడు దక్షిణాఫ్రికాలో ఆ సంతతివారిలో పెక్కుమందికి ఇంటి భాష ఆంగ్లమే. సంఘము మిగిలినచోట భాష మిగులుననుకొనరాదని ఇది తెలుపుచున్నది.

కాబట్టి ప్రపంచ సేవను ఎన్ని దేశములకు ఎందరు వెళ్లిరను లెక్కతో తూచరాదు. వెళ్లినవాడు ఎవరి భాష నేర్చెను, ఎవరి పంక్తిని కూర్చుండెను, తన పీఠమును ఎవరి చేతిలో పెట్టి వచ్చెను అని అడుగవలెను. ఏ మతమువారమైనను, పరభాషల నడుమ కాపురముండు మనకు ఈ ప్రశ్నలు క్రొత్తవి కావు. మనలను పిలిచి ప్రక్కన కూర్చుండబెట్టుకొన్న ఇరుగుపొరుగును మనము తలచుకొందుము. మన వాకిటికి వచ్చిన వానిని మనము కూర్చుండబెట్టితిమా యని కూడ తలచుకొందుము గాక.