బడిలో కులం మాట

బడిలో కులం గురించి మాట్లాడితే పిల్లల మనసుల్లో లేని విషం ఎక్కించినట్టవుతుందని చాలామంది ఉపాధ్యాయులు భయపడతారు. మంచి ఉద్దేశంతో పడే భయమే. కానీ గోదావరి కాలువ గట్ల మీద పెరిగే పిల్లలకి ఏ పేట ఎవరిదో, ఎవరి అరుగు మీద ఎవరు కూర్చోకూడదో బడిలో చేరకముందే తెలుసు. కుల ధ్రువపత్రం తెమ్మన్నప్పుడు, స్కాలర్‌షిప్ పేర్లు తరగతిలో పైకి చదివినప్పుడు బడీ కులం మాట ఎత్తుతూనే ఉంది. దాని గురించి అడిగే వీలు మాత్రం పిల్లలకి ఇవ్వడం లేదు. 2017లో పాలకోడేరు మండలం గరగపర్రులో అంబేడ్కర్ విగ్రహం దగ్గర మొదలైన గొడవ దళితుల సాంఘిక బహిష్కరణ దాకా పోయింది. 2022 మే 24న అమలాపురంలో, కోనసీమ జిల్లాకి అంబేడ్కర్ పేరు పెట్టొద్దంటూ రోడ్డెక్కినవాళ్లు మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబెట్టారు. ఆ గుంపులో కుర్రాళ్లు ఎందరో. అంటరానితనాన్ని నిషేధించిన 17వ అధికరణం పాఠంగా చదివిన తరమే అది. పరీక్షకి రాసిన జవాబు వీధిలోకి రాలేదంటే, మధ్యలో జరగాల్సిన సంభాషణ జరగలేదనే నేను అనుకుంటాను.

ఆ సంభాషణ ముందు స్టాఫ్‌రూమ్‌లో జరగాలి. మధ్యాహ్న భోజనం వరసల్లో ఎవరి పక్కన ఎవరు కూర్చుంటున్నారో, చీపురు ఎప్పుడూ ఎవరి చేతికి వెళుతోందో ఉపాధ్యాయులు తమలో తాము మాట్లాడుకోకుండా పిల్లల ముందు నిలబడితే మాటకి బలం ఉండదు. తరగతిలో దళిత విద్యార్థిని లేపి ‘నీ అనుభవం చెప్పు’ అనడం మరో అవమానం. అందుకే పుస్తకంతో మొదలుపెట్టడం మేలు. గరిమెళ్ల ‘మాకొద్దీ తెల్ల దొరతనము’ పక్కన రాజమండ్రి దళిత కవి కుసుమ ధర్మన్న ‘మాకొద్దీ నల్ల దొరతనము’ పెడితే చాలు. తెల్లవాడి పెత్తనం తప్పయితే ఊళ్లో పెత్తనం ఎలా ఒప్పవుతుందో పిల్లలే అడుగుతారు. మామిడికుదురులో పుట్టిన బోయి భీమన్న ‘పాలేరు’ నాటకం వాళ్ల చేతే వేయించవచ్చు.

ఊరి పెద్దలు గేటు దగ్గరికొస్తారు, పార్టీల రంగు పులుముతారు అన్న అభ్యంతరం నిజమైనదే. ఒంటరి టీచరు దాన్ని తట్టుకోలేరు. కాబట్టి ప్రధానోపాధ్యాయులే ముందుగా తల్లిదండ్రుల కమిటీకి పాఠం చూపించి, అందులో ఏ కులాన్నీ దూషించడం లేదని చెప్పాలి. 2023లో నాంగునేరిలో దళిత విద్యార్థిపై తోటి విద్యార్థులే కత్తులతో దాడి చేశాకే తమిళనాడు జస్టిస్ చంద్రు కమిటీని వేసింది. కులాన్ని చాటే చేతి పట్టీలు వద్దని ఆ కమిటీ సిఫార్సు చేసింది. మన దగ్గర అంతదాకా ఆగడమెందుకు? పేర్లు తరగతిలో పైకి చదవకుండా స్కాలర్‌షిప్ పిల్లల్ని విడిగా పిలిచి మాట్లాడటానికి ఏ జీవో అక్కర్లేదు, ఈ వారం నుంచే చేయవచ్చు.