‘పాస్’ కావడం గురించి

స్త్రీగా మారిన తరువాత నలుగురిలో స్త్రీగా ఎలా ‘పాస్’ కావాలో ట్రాన్స్ మహిళలకు చెప్పే సలహాలు ఈమధ్య కొన్ని చదివాను. ఇచ్చింది నా దగ్గర ఎం.ఏ. చదువుకున్న అమ్మాయి. “వీటిమీద విమర్శ రాయండి మాస్టారూ” అన్నది. వంటల పుస్తకాన్ని విమర్శించమన్నట్లు తోచి నవ్వాను. చదివాక ఆ నవ్వు నిలవలేదు.

వీటిలో శాస్త్రానికి సంబంధించిన భాగం నిజాయితీగా వుంది. యుక్తవయసులో ముదిరిన గొంతు ఈస్ట్రోజన్ వాడినంతమాత్రాన సన్నబడదు. ఒత్తుగా వచ్చిన గడ్డం మందులతో పోదు; లేజరో, విద్యుత్ సూదో కావాలి. శ్రుతి పెంచితే చాలదు, ధ్వని మోగే చోటు కూడా మారాలి. దానికి నెలల సాధన కావాలి. ఇది శ్రమ, దీన్ని పరిహసించే హక్కు మనకు లేదు.

నా పేచీ మిగతా భాగంతో. అడుగు చిన్నది వెయ్యాలట. భుజాలు ముడుచుకోవాలట. తక్కువ మాట్లాడాలి, చేతులు పెద్దవైతే దాచుకోవాలి. ఎవరీ స్త్రీ? నాట్లు వేసే కూలి స్త్రీ ఇలా నడిస్తే మునుం సాగదు. గట్టుమీద నుంచి ఆమె వేసే కేక రెండు పొలాల అవతలికి వినబడుతుంది. ఈ పరీక్షలో ఆమె తప్పుతుంది. మా అమ్మా తప్పుతుంది. పనిచెయ్యని వర్గం తన ముందుగదిలో నిలబెట్టుకున్న బొమ్మను ‘స్త్రీ’ అని పేరుపెట్టి అమ్ముతున్నారు. కొనలేనివాళ్ళు తప్పినవాళ్ళు!

ఆడతనాన్ని సాధన చెయ్యడం మనకు కొత్తా? స్థానం నరసింహారావు సత్యభామగా, చింతామణిగా రంగస్థలాన్ని ఏలారు. 1956లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చాము. మంచిదే. ఐతే ఆడదుస్తులతో, నగలతో వీధిలో కనబడిన ‘నపుంసకుల’ను వారంటు లేకుండా అరెస్టు చెయ్యవచ్చునని నిజాం రాజ్యంలో 1919లో వచ్చిన చట్టం ఆ యేడూ తెలంగాణ ప్రాంతంలో బతికేవుంది. హైకోర్టు దాన్ని కొట్టివేసింది 2023లో.

ఎ. రేవతి ఆత్మకథలో ఇదే విషయం మరింత దగ్గరగా కనబడుతుంది. తమిళనాడులో ఊరి అమ్మవారి జాతరలో ఆమె ఆడవేషం కట్టి ఆడితే జనం మెచ్చుకున్నారు. వాళ్ళకది వేషం, ఆమెకు అప్పుడే వేషం తీసినట్లయింది. తరువాత అదే మనిషిని అన్నలు కొట్టారు. ఈ పుస్తకాన్ని పి. సత్యవతి ‘ఒక హిజ్రా ఆత్మకథ’గా తెలుగు చేశారు. దానికి 2019 సాహిత్య అకాడమీ అనువాద బహుమతి వచ్చింది. ఆ సలహాలన్నిటికన్నా ఈ పుస్తకమే నాకు ఎక్కువ నేర్పింది.

ఇంతవరకు రాసి, చివర “పాస్ కావాలన్న కోరికే బానిసత్వం” అని ఒక పేరా చేర్చాను. అమ్మాయికి చూపించాను.

“రాత్రి పదిగంటల బస్సు ఎక్కేది మీరు కాదు మాస్టారూ” అన్నది. అంతవరకు నాతో చెప్పని సంగతి, తన సంగతి, అప్పుడు చెప్పింది. ఇల్లు అద్దెకు అడగడానికి వెళ్ళి, నోరు తెరిచేసరికి మూడుచోట్ల తలుపు వేశారట. “2014లో సుప్రీంకోర్టు తీర్పు మా పక్షానే వచ్చింది. ఆ తీర్పు పట్టుకుని వెళ్తే గది ఇస్తారా? గొంతు సరిగా పలికితే ఇస్తారు.”

ఆ పేరా కొట్టివేశాను. చిన్న అడుగుల మీదా, దాచుకున్న చేతుల మీదా నా అభిప్రాయం మారలేదు. ఆమెదీ అదే అభిప్రాయమని తరువాత తెలిసింది. గొంతు సాధన మాత్రం రోజూ ఉదయం చేస్తున్నది. రేవతి పుస్తకం మా కళాశాల గ్రంథాలయంలో లేదు. తెప్పించమని చీటీ రాసి ఇచ్చాను.