బీరువాలోని యంత్రము, చేతిలోని అగ్గిపుల్ల

ఆర్మూరు ప్రాంతపు రైతు పసుపు కొమ్ములను ఉడికించి, ఎండబెట్టి, తిరిగెడు డ్రమ్ములో వేసి మెరుగు పెట్టించును. ఈ పనిని చూడని బాలుడు అచ్చట అరుదు. ఆ డ్రమ్ములో ఘర్షణము, గురుత్వము, వర్తుల చలనము అన్నియు ఉన్నవి. ఐనను పల్లె పాఠశాలలో ఈ పాఠములు తరచుగా నల్లబల్లపైనే ముగియుచున్నవి.

ఈ కొరత తీర్చుటకే నీతి ఆయోగ్ 2016లో అటల్ టింకరింగ్ ల్యాబులను ప్రారంభించినది. 6 నుండి 12వ తరగతి వరకు గల విద్యార్థుల కొరకు, ఎంపికైన పాఠశాలకు 20 లక్షల రూపాయల వరకు సహాయము ఏర్పరచినది. ఐదేండ్లలో ప్రభుత్వ పాఠశాలలలో 50,000 ల్యాబులు నెలకొల్పెదమని 2025 బడ్జెటులో ప్రకటించిరి. ఉద్దేశము మెచ్చదగినదే. కాని త్రీడీ ప్రింటరు చెడినచో విడిభాగము పల్లె అంగడిలో దొరకునా? స్టాకు రిజిస్టరులోని వస్తువు పగిలిన జవాబు చెప్పవలెనని జంకు ఉపాధ్యాయుడు దానిని బీరువాలో భద్రపరచును. బీరువాలోని యంత్రము బొమ్మకన్న ఎక్కువ నేర్పదు.

దీనికి భిన్నమైన ప్రయత్నము 1972లో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో, 16 మాధ్యమిక పాఠశాలలతో మొదలైనది. అచ్చట పిల్లలు స్వయముగా ప్రయోగములు చేసి నేర్చుకొనిరి; పరీక్షలోను పుస్తకము చూచుకొనవచ్చును, ప్రయోగము మాత్రము చేసి చూపవలెను. కాన్పూరు ఐ.ఐ.టి.లో చదివిన అరవింద్ గుప్తా ఆ కృషిలో పాల్గొని, అగ్గిపుల్లలను సైకిలు వాల్వు ట్యూబు ముక్కలతో అతికి ఆకృతులు నిర్మింపజేసెను. నాలుగు పుల్లల చతురస్రము నొక్కగనే ఒరిగిపోవును. మూడు పుల్లల త్రిభుజము కదలదు. ఇనుప వంతెనలలో త్రిభుజములు ఏల ఉండునో బాలునికి వెంటనే బోధపడును. పుల్ల విరిగినచో మరియొక పుల్ల చాలును. ఎవరికిని సంజాయిషీ చెప్పనక్కరలేదు.

అట్లని చవక సామగ్రియే సర్వస్వము కాదు. ఆ కార్యక్రమమును 2002లో ప్రభుత్వము నిలిపివేసినది. పాలకుల అండ లేనిదే మంచి పద్ధతియైనను నిలువదు. మరియు ఎలక్ట్రానిక్సును అగ్గిపుల్ల నేర్పజాలదు. కావున రెండును కావలెను. క్రమము మాత్రము ముఖ్యము.

ఒక రేకు డబ్బాకు సైకిలు చువ్వను ఇరుసుగా గ్రుచ్చి, అడ్డముగా నిలిపి, లోన కొన్ని పసుపు కొమ్ములు వేసి త్రిప్పి చూడుడు. డబ్బా వ్యాసార్థము 5 సెంటీమీటర్లైనచో, నిమిషమునకు సుమారు 134 చుట్లు దాటగనే కొమ్ములు గోడకు అంటుకొని తిరుగుటకు మొదలిడును, రాపిడి తగ్గిపోవును. 45 సెంటీమీటర్ల వ్యాసార్థము గల పెద్ద డ్రమ్మునకు ఈ హద్దు సుమారు 45 చుట్లే. వ్యాసార్థము తొమ్మిది రెట్లైన, హద్దు మూడవ వంతైనది. ఆ చుట్లను లెక్కించుటకు ఇపుడు అటల్ ల్యాబులోని సెన్సారును బయటకు తీయవలెను. అపుడది అలంకారము కాదు, అవసరము.

తనిఖీకి వచ్చిన అధికారి, ఎన్ని పరికరములు చెక్కుచెదరక ఉన్నవని గాక, ఎన్నింటిని పిల్లలు విప్పి మరల బిగించిరని అడిగిననాడు బీరువా తలుపు తెరచుకొనును.