ఓబులేసు మునిమనవరాలు

మళ్లీ పేర్ల గొడవేనా అని విసుక్కోకండి. ఈ వారం దూరపు బంధువు ఒకాయన వాట్సాప్‌లో చిట్టా పంపాడు. ఆడబిడ్డ. పేరు ‘య’తో మొదలై ‘క’తో ముగియాలి. ఇంగ్లీషు అక్షరాల లెక్క కూడితే 5 రావాలి. మంచి అర్థం ఉండాలి. ఇంతవరకు ఎవరికీ పెట్టి ఉండకూడదు. పేరు కావాలా, ఫ్యాన్సీ నంబరు కావాలా అని అడగబోయి ఊరుకున్నాను.

నా పాత పాట ఒకటుంది: కర్ణాటకలోని మా పావగడ తాలూకాలో హాజరుపట్టీ చదివితే చుట్టుపక్కల దేవుళ్లందరికీ దండం పెట్టినట్టే. మూడు వైపులా ఆంధ్ర చుట్టుకున్న తాలూకా, దేవుళ్లకు చెక్‌పోస్టులు లేవు. కదిరి నరసింహుడి పేరున కదిరప్పలు, కదిరమ్మలు. అహోబిలం స్వామి ఇక్కడికి ఓబులేసుగా, ఓబులమ్మగా వచ్చాడు. నాగలమడక సుబ్రహ్మణ్యస్వామి పుణ్యమా అని ఇంటికొక నాగరాజో నాగమ్మో. కన్నడవాళ్లకు తిరుపతి వెంకన్న తిమ్మప్ప కాబట్టి తిమ్మక్కలకూ కొదవ లేదు. పాపం, శని మహాత్ముడొక్కడికే అన్యాయం జరిగింది. శ్రావణ శనివారాల్లో పావగడలో కాలుపెట్టే సందు ఉండదు, అయినా ఆయన పేరు బిడ్డకు పెట్టుకున్న భక్తుణ్ణి నేనింకా చూడలేదు.

ఇంట్లో ఓబులేసు కన్నడ బడిలో ఓబళేశ అవుతాడు. శ్రీనివాసులు తోక కత్తిరించుకుని శ్రీనివాస అవుతాడు. ఇంటిపేరు ఒక్క అక్షరానికి కుదించుకుపోతుంది, కొన్నిసార్లు అదీ పోయి తండ్రి పేరో ఊరి పేరో వచ్చి కూర్చుంటుంది. పహణీలో ఒక పేరు, ఆధార్‌లో ఇంకొకటి, ఇద్దరూ ఒకరేనని అఫిడవిట్టు. మా జిల్లా కేంద్రం తుమ్కూరే 2014 నవంబరు 1న తుమకూరు అయిపోయింది, మనుషులదేముంది లెండి.

అర్థం బాగుండాలని పట్టుబట్టేవాళ్లకు నేను చెప్పే పేరు పెంటయ్య. పుట్టిన పిల్లలు పుట్టినట్టే పోతుంటే, తర్వాత పుట్టినవాణ్ణి చేటలో పెట్టి పెంటదిబ్బ మీద ఉంచేవాళ్లు. పొరుగింటామె వచ్చి ‘ఎవరో పారేసిన బిడ్డ’ అని ఎత్తుకునేది. తల్లి ఆమెకు గుప్పెడు తవుడో గింజలో ఇచ్చి తన బిడ్డనే కొనుక్కునేది. మా పెద్దమ్మ ఈ సంగతి చెప్పేటప్పుడు బేరం కూడా ఆడి చూపించేది: ఇంత పిసరంత బిడ్డకు అంత తవుడా, కాస్త తగ్గించు! పక్కనుండి వినే మృత్యువుకు ఇది పనికిరాని సరుకని నమ్మించాలి కదా. ఎంగిలి విస్తరిలో దొర్లిస్తే పుల్లయ్య, తవుడుకు కొంటే శ్రీకాకుళం వైపు తవిటయ్య. కన్నడంలో పెంటదిబ్బను తిప్పె అంటారు, కాబట్టి మన పెంటయ్య వాళ్ల తిప్పయ్య. అయితే పక్క చిత్రదుర్గ జిల్లా నాయకనహట్టిలో తిప్పేరుద్రస్వామికి పెద్ద గుడి ఉంది, అందువల్ల తిప్పేస్వామి అంటే అక్కడ ఎవరూ ముఖం చిట్లించరు. మన పెంటయ్యకు ఆ అదృష్టం పట్టలేదు. తుర్కీలో దుర్సున్ అన్నా, నైజీరియా యొరుబాల్లో దురోజయే అన్నా అదే భయం. ‘ఉండిపోనీ’ అని ఒకరు, ‘ఉండి బతుకు అనుభవించు’ అని ఇంకొకరు బిడ్డను బతిమాలుకున్నారు. ఇంతకన్నా అర్థమున్న పేర్లు ఎక్కడ దొరుకుతాయి?

ఇదే ధోరణిలో మా వీధి చివర వెల్డింగ్ షాపు కుర్రాడి దగ్గర దొరికిపోయాను. కూతురికి ఎక్కడా విననటువంటి పేరు పెట్టాడు. మీ తాత ఓబులేసు పేరుకేం తక్కువయ్యా, ఓబులమ్మ అని పెట్టుంటే ఎంత బాగుండేది అన్నాను. వెల్డింగ్ అద్దం పైకెత్తాడు.

“ఓబులేసని మీరంటాండారు సార్. ఊర్లో ఆయన్ని అట్ల ఎవురు పిల్చినారు? డెబ్బై ఏండ్ల మనిసిని పట్టుకొని చిన్నపిల్లోడు గూడా ‘ఒరే ఓబిగా’ అనేవాడు. నా కూతురి పేరు తెగ్గొట్టి పిలవనీకి రాదు. విన్నోడికి మాది ఏ వాడో గూడా తెలీదు.”

ఒకే అహోబిలేశుడు ఒక ఇంట్లో ఓబుళరెడ్డి, ఇంకో ఇంట్లో ఓబిగాడు. దేవుడు అందరికీ సమానంగానే దొరికాడు. రెడ్డి, గాడు మాత్రం ఊరు పంచింది. నేను ఇన్నాళ్లూ ముద్దుగా చదివిన హాజరుపట్టీలో ఎవరిని మంచం మీద కూర్చోబెట్టాలో, ఎవరిని వాకిట్లో నిలబెట్టాలో కూడా రాసి ఉంది. ఏ దేవుడికీ ఏ ఊరికీ చెందని కొత్త పేరు విన్నవాడికి ఏమీ చెప్పదు. దాన్ని లోపమని నేను వెక్కిరిస్తూ వచ్చాను, ఆ కుర్రాడు సరిగ్గా అందుకోసమే ఏరుకున్నాడు. ఈ విషయంలో నా ఓటు అతనికే.

ఇక అర్థాల కోసం వెతుకుతున్న తల్లిదండ్రులకు ఒక మాట. కంగారు పడకండి. పుట్టిన 21 రోజుల్లో జననం నమోదు చేయిస్తే చాలు, ఆ పూటే పేరు అక్కర్లేదు. ఏడాదిలోపు పేరును ఉచితంగా చేర్పించుకోవచ్చు, ఆ తర్వాత రుసుము కట్టి 15 ఏళ్ల వరకు. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకు బడికీ ఆధార్‌కూ ఆ జనన పత్రమే ఆధారం. మీరు ఓబులమ్మ అని పెట్టినా, ‘య’తో ఏదో ఒకటి పెట్టినా, కన్నడంలోనూ ఇంగ్లీషులోనూ ఒకేలా పలికేట్టు రాయించి, కౌంటరు దగ్గరే ఒకసారి చదివి చూసుకోండి.