స్పీకరు తీగలు: ప్రకటనలు, పరీక్షలు

శ్రావ్యమైన సంగీతమును ఉన్నది ఉన్నట్లు వినవలెనను కోరిక సహజమైనది. ఆ కోరికను ఆసరాగా గొని సాగు వ్యాపారములలో స్పీకరు తీగల వ్యాపారము ఒకటి. 2007 నాటికే అమెరికాలో 12 అడుగుల జత ఒకటి ఏడువేల డాలర్లకు పైబడిన వెలకు అమ్మకమునకు వచ్చినది. ఇట్టి తీగలకు చెప్పు గొప్పలు ఎంతవరకు నిలుచును?

ఆక్సిజన్ తీసివేసిన రాగి శ్రేష్ఠమనుట మొదటి మాట. ఇందులో కొంత నిజము లేకపోలేదు. కాని దాని వాహకత మామూలు విద్యుత్ తీగలోని రాగి కంటె నూటికి ఒక పాలు మాత్రమే హెచ్చు. మామూలు తీగను ఆ మేరకు లావు చేసినను అదే ఫలితము కలుగును.

తీగపై గల బాణపు గుర్తు చూపు దిశలోనే కలుపవలెననుట రెండవ మాట. స్పీకరు తీగలో పారునది ఏకాంతర విద్యుత్తు. 440 హెర్ట్జ్ స్వరమునకు అది సెకనులో 880 సార్లు దిశ మార్చుకొనును. ఇక బాణము ఏ దిశను చూపినట్లు?

అట్లని తీగతో పనియే లేదనుటయు పొరపాటే. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగితీగను 3 మీటర్ల దూరమునకు వాడినచో, రాకపోకలకు కలిపి 6 మీటర్లు. దాని నిరోధము సుమారు 0.04 ఓము. 8 ఓముల స్పీకరు ముందు ఇది లెక్కలోనిది కాదు; ధ్వని తగ్గుదల 0.05 డెసిబెల్ కూడ ఉండదు. కాని 0.5 చదరపు మిల్లీమీటరు సన్నతీగతో 10 మీటర్ల దూరమున 4 ఓముల స్పీకరును కలిపినచో తగ్గుదల 1.3 డెసిబెళ్లు దాటును. స్పీకరు అవరోధము స్వరమును బట్టి మారును గనుక నాదములోను మార్పు తోచవచ్చును. కావున చూడవలసినది లావు, పొడవు, వెల కాదు.

“మా చెవులతో విన్నాము” అనుట మూడవ మాట. విన్నవారు అబద్ధమాడిరని కాదు. ఏ తీగ మ్రోగుచున్నదో ముందే తెలిసినచో మనస్సు చెవిని నడిపించును. రెండింటిలో ఒకటి రవంత బిగ్గరగా ఉన్నను అదే మేలని తోచును. అందుచేత ధ్వని మట్టములను సమము చేసి, తీగ పేరు తెలియనీయక వినిపించి, గుర్తింపుమని అడుగవలెను. ఊరక ఊహించువాడు 16 పర్యాయములలో 12 గాని, అంతకు మించి గాని సరిగా చెప్పుట నూటికి నాలుగు వంతులకు లోపుననే సంభవము. ఒకటి రెండు సార్లు సరిగా చెప్పుట ఋజువు కానేరదు.

ఓము సూత్రము నేర్చిన విద్యార్థి ఈ లెక్కలన్నియు తానే వేసి చూడగలడు. పాఠశాలకు స్పీకర్లు కొనునపుడు ఉపాధ్యాయుడు ఈ లెక్కను తరగతిలో చేయించినచో, తీగలపై వృథా కాదగిన సొమ్ము మంచి స్పీకరుకు మిగులును.